సలోమి పేరున పన్నెండు యూనిట్లు

1వ రోజు

రోజూ ఇందులో రాయాలంట. ఈ రోజు ఏం నేర్చుకున్నావో నీ భాషలోనే రాయి, తప్పులు పట్టం అని పర్మిట్ గదిలో చెప్పారు. దీన్ని చదువు చిట్టా అంటారు. దీనికి మూడు యూనిట్లు.

నా పేరు పుల్లగూర కృపావతి. యాభై ఒక్క ఏళ్ళు. ఐదో తరగతి దాకా చదివాను. నేల మీద మాది లంకమెట్ట. ఆకాశంలో తిరిగే ఈ వలయానికి వచ్చి పదిహేను నెలలైంది. నా కూతురు సలోమికి చదువు పర్మిట్ వచ్చినప్పుడు ఒక తోడుమనిషిని తెచ్చుకోవచ్చు అన్నారు. నన్ను తెచ్చుకుంది. నేను ఇక్కడ బట్టల గదిలో పని చేస్తున్నాను.

సలోమి పోయి ఈ రోజుకు పన్నెండు రోజులు. లెక్కల క్లాసు అయ్యాక నీళ్ళ క్లాసుకు వెళ్తూ నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుందంట. అలసటేమో అనుకుని అందరూ పక్కనుంచి దిగి వెళ్ళారంట. ఇరవై రెండేళ్ళ పిల్ల.

మాలో మట్టి చేస్తాం. వాళ్ళ నాన్న ప్రకాశం లంకమెట్ట సమాధుల తోటలో ఉన్నాడు. పక్కన చోటు నాకని అట్టే పెట్టుకున్నాను. ఇప్పుడది పిల్లకు కావాలి. వలయంలో పూడ్చరు. ఇక్కడ మట్టి లేదు, తయారు చేసుకోవాలి. పోయినవాళ్ళను తోట విభాగానికి ఇస్తే నాలుగు వారాల్లో మట్టి చేస్తారు. అందులో కూరలు వేస్తారు. వలయమంతా అవే తింటుంది. పదిహేను నెలలు నేనూ తిన్నాను, సలోమికీ వండి పెట్టాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

చదువుకునేవాళ్ళకు మాత్రం ఒక హక్కుంది. టర్ము మూసే రోజుకు పేరు మీద పన్నెండు యూనిట్ల చదువు భారం ఉంటే, బతికున్నా పోయినా, నేలకు దిగే ఓడలో చోటిస్తారు. పన్నెండుకు తగ్గితే పర్మిట్ రద్దు. అప్పుడు బతికున్నవాళ్ళను గాలి వాడతారు కాబట్టి వచ్చే ఓడకు దించేస్తారు. పోయినవాళ్ళు గాలి వాడరు. వాళ్ళను తోటకిస్తారు.

సలోమికి పన్నెండూ ఉన్నాయి. నేనే తీయించాను.

మా గదుల వరుసలో పొద్దున దీపాలు వెలగగానే గోడ మాట్లాడుతుంది. ముందురోజు క్లాసుకు రానివాళ్ళ పేర్లు చదువుతుంది. పిల్ల పోయిన మర్నాటి నుంచి మొదలైంది. సలోమి, రాలేదు. సలోమి, రాలేదు. బడి ఎగ్గొట్టి తిరిగేదాన్ని పిలిచినట్టు. ఒక్క రోజు మానని పిల్లను. మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు పర్మిట్ గదికి పోయి అక్కడి మరతో చెప్పాను, నా బిడ్డ పేరు కొట్టేయండి, ఇక పిలవొద్దు అని. అన్ని క్లాసుల్లోనూ తీసేయాలా అని అడిగింది. అన్నిట్లోనూ అన్నాను. వేలు పెట్టమంది. పెట్టాను.

పన్నెండు కాస్తా సున్నా అయింది.

ఆ గదిలో ఫణీంద్ర అని ఒక ఆఫీసరు ఉన్నాడు. తెలుగాయనే, ఇక్కడే పుట్టాడు. విషయం ఆయనే చెప్పాడు.

“అమ్మా, మీరు ముట్టుకోకుండా ఉంటే ఆ పన్నెండూ అలాగే ఉండేవి. చనిపోయాక రాకపోవడం లెక్కలోకి రాదు.”

“ఆ ముక్క నాకెవరు చెప్పారు సారూ?”

“తీసేయాలా అని మర అడిగిందిగా?”

“అడిగింది. తీస్తే ఏమవుతుందో చెప్పిందా మరి?”

మనిషి మంచివాడే. రెండు రోజులు రూళ్ళు తిరగేసి ఒకటి పట్టుకున్నాడు. చదువుకునేవాళ్ళు మధ్యలో పోతే ఆ భారం తోడుమనిషి ఎత్తుకోవచ్చంట. పేరు మాత్రం పోయినవాళ్ళదే ఉంటుంది. టర్ముకు ఇంకా ముప్పై ఆరు రోజులుంది. నీళ్ళ క్లాసు, లెక్కల క్లాసు, వలయం చట్టం, ఈ చిట్టా. ఒక్కొక్కటి మూడు. ఏ క్లాసుకైనా మూడుసార్లు హాజరు పడకపోతే ఆ క్లాసు పోతుంది. ఒక్క క్లాసు పోయినా తొమ్మిదే.

చేస్తానన్నాను. ఇంకేం చెయ్యను?

2వ రోజు

నీళ్ళ క్లాసు చెప్పే తమారా మేడం ఏదో చలిదేశపు మనిషి. ఆమె మాట చెవిగుండీలో తెలుగై వస్తుంది. పాత బైబిలు చదివినట్టుంటుంది. “విద్యార్థులారా, కూర్చుండుడి” అంది.

ముందు మర హాజరు పిలిచింది. ఒక్కొక్కరూ ఉన్నాను, ఉన్నాను అంటున్నారు. సలోమి పుల్లగూర అంది. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ పిల్లతో కూర్చున్నవాళ్ళే. ఒక్కళ్ళూ తలెత్తలేదు. నేను పలకాలి. ఏ పేరు చెవిన పడకూడదని కొట్టేయించానో ఆ పేరుకే నేను పలకాలి. పలకలేకపోయాను. మర ఒక్కసారే పిలుస్తుంది.

సలోమి, రాలేదు.

ఒకటి పోయింది. ఈ రోజు ఏమీ నేర్చుకోలేదు.

3వ రోజు

పలికాను. ఉన్నాను అన్నాను. మూడు క్లాసుల్లోనూ అన్నాను.

4వ రోజు

నాతో బట్టల గదిలో నూకరత్నం అని అనకాపల్లి వైపు మనిషి పని చేస్తుంది. వాళ్ళ ఆయన ఓడరేవులో ఉంటాడు. నేను చద్దర్లు ఆవిరి పెట్టెలో వేస్తుంటే వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“ఏటే కృపా, బడికెల్లొచ్చీసినావా? జడెయ్యమంటావేటి, రిబ్బన్లు కట్టీసి?”

“నీ నోరు పడ. లెక్కల్లో ఒక్క ముక్క అర్థం కాలేదే.”

“అర్తం కాపోతే మానీ. కూకుని ఉన్నానంటే సాలదేటి?”

“చాలదంట. చివర్న పరీక్షలంట.”

“ఓలమ్మ! పిల్లని కిందకి దించడానికి తల్లికి పరీచ్చలా? ఈల్ల మొకాలు మండ.” కాసేపు తిట్టింది. తర్వాత నా చేతిలో చద్దర్లు లాక్కుంది. “ఇలాగియ్యి. నువ్వు పుస్తకం తియ్యి. నానుతుకుతాను, నువ్వు పైకి సదువు. నానూ ఇంటాను. మా ఇంట సదువుకున్నోలు ఎవలూ నేరు.”

అట్లా సాయంత్రం దీపాలు మారేదాకా చదివాను. భాగహారం రత్నానికే ముందు అర్థమైంది.

6వ రోజు

ఈ రోజు నేర్చుకున్నది రాస్తాను. ఉప్పునీళ్ళను సన్నటి పొర మీదికి గట్టిగా తోస్తే నీళ్ళు ఆ పక్కకు పోతాయి, ఉప్పు ఈ పక్క ఉండిపోతుంది. కొన్నాళ్ళకు పొర పూడుకుపోతుంది. అప్పుడు మంచినీళ్ళను వెనక్కి తోసి కడగాలి.

లంకమెట్టలో బావులన్నీ ఉప్పెక్కాకే సలోమి ఈ చదువు పట్టింది. నాకు చెప్పాలని ఎన్నిసార్లో చూసింది. గిన్నె తీసుకుని, గుడ్డ తీసుకుని, ఇట్లా అమ్మా అని. నేను బియ్యం కడుక్కుంటూ ఊఁ కొట్టాను.

పొర పూడుకుపోయిందని ఎట్లా తెలుసుకొందురు అని మేడం అడిగింది. ఎవరూ చెప్పలేదు. నేను లేచి, నీళ్ళు సన్నగా వస్తాయి, మర గొంతు మారుతుంది, ఆయాసపడ్డట్టు అంటుంది అన్నాను. బట్టల గదిలో రోజూ వినేదే. మేడం సంతోషపడి బోర్డు మీద పెట్టింది. సలోమికి రెండు మార్కులు.



10వ రోజు

చలి గదిలో పెట్టిన పోయినవాళ్ళను పది రోజులకొకసారి చూడనిస్తారు. ఆ గంట నీళ్ళ క్లాసు గంటే. మార్చమంటే కుదరదన్నారు. తెలిసే క్లాసు మానేసి వెళ్ళాను.

సలోమి అద్దం అవతల ఉంది. జుట్టు వెనక్కి దువ్వి కట్టేశారు. పిల్లకు ఎప్పుడూ పాపిట పక్కకు ఉంటుంది. అక్కడున్నామెకు చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. నా జుట్టు మీద వేలితో గీసి చూపించాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి పాపిట మార్చి వచ్చింది.

నీళ్ళ క్లాసులో రెండు పోయాయి. ఇంక ఒక్కటి కూడా పోకూడదు.

13వ రోజు

లెక్కల్లో చిన్న పరీక్ష పెట్టారు. పాసు మార్కు వచ్చింది. రత్నం బట్టల గదిలో అందరికీ చెప్పుకొచ్చింది, తనకే వచ్చినట్టు. ఫణీంద్రగారు కూడా, “ఇలాగే లాక్కొచ్చేయండమ్మా, ఓడలో చోటు నేను చూస్తాను” అన్నాడు. చాలా రోజుల తర్వాత అన్నం తిన్నాను.

17వ రోజు

చట్టం క్లాసులో మనుషులు చెప్పరు, తెర చెబుతుంది. ఈ రోజు పాఠం చదువు పర్మిట్ల మీద.

పన్నెండుకు తగ్గకూడదు అని చెప్పింది. తర్వాత, జబ్బు చేస్తే తప్ప అంది. జబ్బు చేసిన విద్యార్థి డాక్టరు ఉత్తరం తెచ్చి, క్లాసులు మానకముందే అడిగితే, ఒక టర్ముకు ఆరు యూనిట్లు చాలు. డాక్టరు వద్దంటే అవీ అక్కర్లేదు. పర్మిట్ చెక్కుచెదరదు. తోడుమనిషి ఉంటే ఆ ఫారం మీద తోడుమనిషి కూడా వేలు పెట్టాలి.

చెయ్యెత్తి మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. మూడోసారి అడిగితే పక్కన కూర్చున్న అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

18వ రోజు

ఫణీంద్రగారి దగ్గరికి వెళ్ళాను. మా పిల్లకు గుండె పల్చబడుతోందని డాక్టరు చెప్పాడు కదా, పైకి వచ్చినవాళ్ళలో కొందరికి అట్లా అవుతుందన్నాడు కదా, ఆ ఆరు యూనిట్ల రూలు మా పిల్లకు ఎవరూ చెప్పలేదా అని అడిగాను.

ఆయన తెర వైపు చూశాడు.

“చెప్పామమ్మా. తనే వచ్చి ఫారం తీసుకుంది. డాక్టరు ఉత్తరం కూడా పెట్టింది.”

“మరి?”

“ఫారం తిరిగి రాలేదు. తోడుమనిషి వేలిముద్ర పడాల్సి ఉంది.”

ఆ కాగితం నాకు తెలుసు.

ఇది రాయాలి. లంకమెట్ట మునిగినప్పుడు మమ్మల్ని శిబిరంలో వరుసగా నిలబెట్టి పేర్లు రాసుకున్నారు. దగ్గు, జ్వరం ఉన్నాయని రాయించుకున్నవాళ్ళను వేరే పడవ ఎక్కించారు. ఆ పడవ ఎక్కడికి పోయిందో మాకు ఇప్పటికీ తెలియదు. ప్రకాశానికి దగ్గుంది. మా పడవ దగ్గరికి వచ్చేదాకా నోట్లో గుడ్డ కుక్కుకుని నిలబడ్డాడు. నీళ్ళు తీశాక మెట్టకు తిరిగొచ్చి, రెండేళ్ళు మాతో బతికి పోయాడు. అప్పటినుంచి మా ఊరివాళ్ళం ఎవరమూ ఒంట్లో బాగాలేదని కాగితం మీద ఒప్పుకోము. పురిటి నొప్పులైనా సరే, బాగానే ఉంది అనే రాయిస్తాం.

సలోమి ఆ కాగితం తెచ్చిన రోజు నేను చపాతీలు చేస్తున్నాను.

“అమ్మా, ఇక్కడ వేలు పెట్టు. ఈ టర్ము సగమే చదువుతాను. కాస్త రెస్టు తీసుకోమన్నాడు డాక్టరు.”

“రోగమని రాసుందా అందులో?”

“రాయకుండా ఎట్లా ఇస్తారే?”

“అయితే పెట్టను. రోగమని ఒక్కసారి పడిందంటే దింపేస్తారు. ఇంత కష్టపడి వచ్చింది దిగిపోవడానికా?”

“దింపరమ్మా. రూలు ఉంది. నేను చదివాను.”

“ఆ రోజు శిబిరంలో కూడా రూలే అన్నారు. రెండు నెలలు ఓర్చుకో, టర్ము అయిపోతుంది. నేను రాగిజావ కాచి పెడతాలే.”

పిల్ల నవ్వింది. “నీతో పడలేను తల్లీ” అంది. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. మళ్ళీ అడగలేదు. మర్నాడు పొద్దున మెట్లెక్కి క్లాసుకు పోయింది.

పేరు కొట్టేయడానికి వేలు పెట్టాను. బతికించడానికి పెట్టలేదు.

19వ రోజు

క్లాసుకు వెళ్ళాను. మానలేదు. అది రాసుకోండి. ముఖం కడుక్కుని, చెవిగుండీ పెట్టుకుని, గంట కొట్టకముందే బల్ల దగ్గర కూర్చున్నాను.

సలోమి పుల్లగూర అంది మర.

ఉన్నాను అనాలి. నోరు తెరిచాను. “లేదమ్మా” అని వచ్చింది. “పిల్ల లేదమ్మా. చచ్చిపోయింది. నేను వాళ్ళమ్మను.”

తమారా మేడం మర వైపు తిరిగి, “మరియొకసారి పిలువుము” అంది. ఒక్కసారే పిలుస్తుంది. సలోమి, రాలేదు, అని తర్వాతి పేరుకు పోయింది. మేడం వెళ్ళి ఆ మర మీద చేత్తో కొట్టింది. చదువుకున్న మనిషి, పెద్ద మనిషి, పిల్లల ముందు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నా చెవిలో గుండీ తీసేసి తన భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. చాలాసేపు చెప్పింది.

నీళ్ళ క్లాసు పోయింది. సలోమి పేరున తొమ్మిది.

20వ రోజు

ఫణీంద్రగారు పైవాళ్ళకు ఉత్తరం పెట్టాడు. నేను క్లాసులోనే ఉన్నాను, అందరూ చూశారు, మేడం సాక్ష్యం ఇస్తానంది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. పిలిచిన పేరుకు లేదని జవాబు చెప్పింది కాబట్టి లేనట్టే.

“ఉన్నానని ఒక్క మాట అనుంటే సరిపోయేదమ్మా” అన్నాడు ఆయన. తిట్టలేదు. బాధతోనే అన్నాడు.

“పదహారు రోజులు అన్నాను సారూ. మొన్నటిదాకా అబద్ధమని తెలియలేదు. ఆ ఫారం సంగతి విన్నాక తెలిసింది.”

పర్మిట్ రద్దయింది, తోడుమనిషిని కాబట్టి నన్ను వచ్చే ఓడకు దించేస్తారు. ముప్పై ఆరో రోజు. సలోమిని రేపు తోటకిస్తారు. బతికుండగా యూనిట్లు తగ్గితే ఆ పిల్లను దింపేస్తారని భయపడ్డాను. ఇప్పుడు తగ్గాయి, దింపట్లేదు.

21వ రోజు

ఇచ్చేశారు.

నన్ను తలుపు దాకా రానిచ్చారు. రత్నం వచ్చింది. ఫణీంద్రగారు వచ్చాడు. నేను పాట ఎత్తుకున్నాను, రెండో చరణం గుర్తు రాలేదు. రత్నానికి మా పాటలు తెలియవు. అయినా నాతోపాటు ఊఁ ఊఁ అని రాగం తీసింది.

27వ రోజు

చిట్టా ఇక రాయక్కర్లేదన్నారు. రాయొద్దని మాత్రం అనలేదు.

లంకమెట్టకు కబురు పెట్టాలి. మా పాస్టరమ్మ మట్టి తర్వాత చేసే ఆదరణ కూడిక పెట్టాలని, పిల్ల ఎప్పుడొస్తుందని అడిగింది. ప్రకాశం పక్కన చోటు శుభ్రం చేసి సున్నం కూడా కొట్టించారంట. ఏం రాయను? మూడుసార్లు మొదలుపెట్టాను. నేను వస్తున్నాను అని మాత్రం రాసి పంపాను.

30వ రోజు

రత్నం నా పక్కనే పడుకుంటోంది ఈ నాలుగు రోజులూ. వద్దంటే వినదు.

“కిందకెల్లి ఏటి సేస్తావు?”

“ఏం చేస్తానే. బతుకుతాను.”

“నీల్ల పని నేర్సినావు కదా. మీ ఊర్ల బావులు బాగుసెయ్యొచ్చు.”

“ఆ పని దానిది.”

రత్నం నా చద్దరు సర్దింది. రత్నాన్ని కూడా కసురుకున్నానే అని తర్వాత అనిపించింది.

35వ రోజు

రేపు ఓడ. ఈ రోజు తోట విభాగం నుంచి పిలుపు వచ్చింది. అక్కడ మల్లేశం అని తెలంగాణ ఆయన ఉన్నాడు, పెద్ద వయసు. చేతులు కడుక్కుని వచ్చి నాకు పీట వేశాడు.

“నువ్వు రేపు పోతున్నవట కదమ్మా. మట్టి అయ్యేటాల్లకు ఇంకో రెండు వారాలు పడ్తది. నువ్వు ఉండవని ఇయ్యాల పిలిపిచ్చిన. ఆ మట్టి వోసిన మడిల ఏం పెట్టుమంటవు? ఇంటోళ్ళు చెప్పిందే పెడ్తం. గదొక్కటే మా చేతుల ఉన్నది.”

“ఏమీ వద్దన్నా. ఖాళీగా ఉంచెయ్.”

“ఖాళీ ఉంచనియ్యరమ్మా. మన పిల్లదే అయినా ఉంచనియ్యరు.”

“తినేది కాకుండా ఏదైనా?”

“గట్ల కూడా లేదు.”

విత్తనాల పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. పాలకూర, టమాటా, చిక్కుడు, బీట్‌రూట్ అని ఒక్కొక్క పొట్లం తీసి పెడుతున్నాడు. తొందరపెట్టలేదు.

“మిరప ఉందా?”

“ఉన్నది. కారం ఉండది. ఇక్కడోళ్ళకు పడది.”

“కారం ఉన్నది లేదా?”

పెట్టె అడుగునుంచి ఒక చిన్న పొట్లం తీశాడు. “ఉన్నది గని, నేనొచ్చినంక ఎవ్వలూ అడగలే. ఇది తింటే కండ్లల్ల నీళ్ళు కారుతయి తల్లీ.”

“అదే వెయ్యన్నా.”

“ఎవ్వలూ తినలేరమ్మా.”

“మిగతా కూరల్లో ఒకటీ అరా పడుతుందిగా. కారనీ. నేనిక్కడ ఉండను. దాని కోసం ఎవరి కళ్ళలోనన్నా నీళ్ళు రావాలి కదన్నా.”

ఆయన పొట్లం మీద సలోమి పేరు రాయించుకున్నాడు. నేనే రాశాను.